పన్నెండో పేరు

“సాబిరా! నువ్వటే! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!... రా, లోపలికి రా! పిల్లలేరీ? వాళ్ళనీ తీసుకురావద్దూ!”

 గుమ్మం ముందు నిలబడ్డ సాబిరా భానుమతి ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. అవనిగడ్డ నుంచి మొదటి బస్సులో వచ్చినట్టుంది, కాళ్ళనిండా దుమ్ము. ఎముకలు తేలిన భుజాల మీద ఎవరి పెళ్ళిదో పాత జరీచీర... తుఫాను సాయం మూటల్లో ఎవరికి ఏది దొరికితే అదే కట్టుకుంటున్నారని భానుమతి విన్నది. ఎప్పుడూ నూనె రాసి నున్నగా దువ్వుకునే జుట్టు అట్టకట్టిపోయి ఉంది.

“మాస్టారు నీకు చెప్పలేదా వదినా?” అంది సాబిరా చివరికి.

“ఏ సంగతి?”

“సలీమా, మాబు, చంటోడు... ముగ్గురూ పోయారు. మీ మాస్టారు బియ్యం లారీతో మా ఊరొచ్చినప్పుడు నేనే చెప్పానే! ఇద్దరు దొరికారు, చంటోడు దొరకలేదని కూడా చెప్పానే!”

భానుమతి ద్వారబంధం పట్టుకుని అక్కడే చతికిలబడిపోయింది. ముగ్గురూనా! ఏడేళ్ళ సలీమా, తన పెద్దపిల్లతో కలిసి ఒకే పలక మీద రాసుకున్న సలీమా!... తన చేత్తో ఉగ్గు పెట్టిన మాబు!... రెండు నెలలు దాటింది ఉప్పెన వచ్చి. ఊరికి వెళ్ళి చూసొచ్చిన భర్త ఏం చెప్పాడు? “మహబూబ్ వాళ్ళు బతికే ఉన్నారు భానూ, నువ్వు బెంగపెట్టుకోకు” అన్నాడు. పిల్లలు క్షేమమేనా అని అడిగితే “ఆఁ, క్యాంపులో ఉన్నారట” అన్నాడు! అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా!

అప్పుడే బడిసంచీ భుజాన వేసుకుని చిన్నకూతురు నాగమణి బయటికి వచ్చింది. సాబిరాని చూడగానే గుర్తుపట్టి “అత్తా!” అంటూ వచ్చి కాళ్ళకి చుట్టుకుంది. సాబిరా ఆ పిల్లని ఎత్తుకోలేదు. తలమీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి తియ్యకుండా, భానుమతి కళ్ళలోకి సూటిగా చూస్తూ అంది.

“నీకు ఇద్దరున్నారుగా వదినా! ఒకర్ని నాకిచ్చెయ్యి!”

భానుమతి ముందు సరిగ్గా వినలేదేమో అనుకుంది. కానీ సాబిరా కళ్ళల్లో తడి లేదు, పిచ్చి లేదు, పెదవుల మీద వణుకైనా లేదు. పక్కింటికొచ్చి కాస్త పంచదార అడిగినట్టు అడిగింది!

లోపలి నుంచి అత్తగారు రావమ్మ ఒక్క ఉరుకున వచ్చి నాగమణి రెక్క పట్టుకుని లాగేసింది. “ఏమిటే ఆ మాటలు? మతి పోయిందా నీకు? పిల్లల్ని ఇమ్మని అడిగేవాళ్ళున్నారటే ఎక్కడైనా! మా ఇంటి పిల్ల మీ ఇంట్లో పెరగాలా? నడు, ఇక్కణ్ణుంచి నడు!”

“నడుస్తాను పెద్దమ్మా. నేనూ ఊరికే రాలేదు.” సాబిరా అరుగుమీద కూర్చుంది. “మా ఊరి స్కూల్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ల క్యాంపు పెట్టిన రోజున నేను వెళ్ళనని మొండికేశాను. మా చంటోడికి అప్పటికి ఏడాది నిండలేదు, వాడు బలహీనంగా ఉన్నాడు, ఇంకొక ఏడాది ఆగుదాం అనుకున్నాను. మాస్టారు మూడుసార్లొచ్చి చెప్పినా వినలేదు. నాలుగోసారి వదిన వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ‘నేను చేయించుకుంటున్నాను సాబిరా, నాకు మగపిల్లాడు లేకపోయినా చేయించుకుంటున్నాను, నీకేం భయం, నా పక్కనే పడుకుందువుగాని’ అంది. నేను మాస్టారి మాట విని వెళ్ళలేదు పెద్దమ్మా! దేశం కోసం వెళ్ళలేదు! వదిన చెయ్యి పట్టుకుంటే వెళ్ళాను. ఇప్పుడు నాకు పుట్టరు. మరి నేనెవర్ని అడగాలి?”

 భానుమతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ప్రతి అక్షరమూ నిజం! ఆవేళ బల్లమీద పక్కనే పడుకున్న సాబిరా వేళ్ళు తన వేళ్ళ మధ్య ఎంత గట్టిగా బిగుసుకున్నాయో, ఆ నొప్పి ఇప్పుడు కొత్తగా తెలుస్తున్నట్టయింది.

ఎనిమిదేళ్ళు భానుమతి వాళ్ళు దివిసీమలో, నడిమితిప్ప అనే చిన్న ఊళ్ళో ఉన్నారు. ఆమె భర్త ధర్మారావు అక్కడి బడిలో మాస్టరు. వాళ్ళ వాటాకి ఆనుకుని ఉన్న రెండు గదుల్లో దర్జీ మహబూబ్, సాబిరా. పండక్కి ఈ ఇంటి పులిహోర ఆ ఇంటికి, ఆ ఇంటి సేమియా ఈ ఇంటికి వెళ్ళేవి. ఆడపిల్లల గౌన్లన్నీ మహబూబ్ మిషను మీద కుట్టినవే. పోయిన జూన్లో గుడివాడకి బదిలీ అయినప్పుడు బండి కదులుతుంటే సాబిరా కాలవగట్టు దాకా ఏడుస్తూ నడిచివచ్చింది. ఆ నవంబరులోనే సముద్రం ఊరి మీదికి వచ్చింది. సరుకు కొనడానికి అవనిగడ్డ వెళ్ళిన మహబూబ్ బతికాడు. తుమ్మచెట్టు కొమ్మల్లో ఇరుక్కుని సాబిరా బతికింది...

ధర్మారావు సైకిలు దిగి వాకిట్లోకి రాగానే అరుగుమీదున్న మనిషిని చూసి కొయ్యబారిపోయాడు. “సాబిరా, నువ్వా...” అన్నాడు. తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. భానుమతి వెనకే వెళ్ళింది.

“ఎందుకు దాచారండీ? ముగ్గురు పిల్లలు పోతే నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు తట్టుకోలేవని భానూ...”

“ఆవిడ తట్టుకుందే! నేను తట్టుకోలేనా? ఈ రెండు నెలలూ నేను అన్నం తిన్నాను, పిల్లలకి జడలు వేశాను, సాబిరా పిల్లలు క్యాంపులో ఎలా ఉన్నారోనని మీ చేత బిస్కెట్లు కూడా కొనిపించి పంపాను! ఆ బిస్కెట్లు ఏం చేశారండీ? చెప్పండి!”

ధర్మారావు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. 

భానుమతి సాబిరాని వెళ్ళనివ్వలేదు. అత్తగారు గొణిగినా వినకుండా లోపలికి తీసుకొచ్చి, నీళ్ళు కాచి తలంటింది. అన్నం ముందు కూర్చున్న సాబిరా ముద్ద చేతిలో పట్టుకుని పిల్లలిద్దరి వంకా మార్చి మార్చి చూస్తుంటే భానుమతి వాళ్ళని తన పక్కకి జరుపుకునేది. జాలిపడుతూనే పిల్లల్ని ఒక్క క్షణం కూడా ఆమె దగ్గర ఒంటరిగా వదిలేది కాదు. అలా కాపలా కాస్తున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసేది!

మూడు రోజుల్లో ఆ సంగతి వీధంతా పాకింది. ఆదివారం ఉదయం ధర్మారావు ఇంటి వరండాలో ఎప్పుడూ జరిగే చర్చకి ఆ వారం రెట్టింపు మంది వచ్చారు. ఆ చర్చలంటే ధర్మారావుకి ప్రాణం. ఉరిశిక్ష ఉండాలా, దేవుడి పేరుతో ఒట్టు వేయించవచ్చా, రోగికి నిజం చెప్పాలా... ఏ ప్రశ్న అయినా సరే, భయపడి పక్కన పెట్టకూడదు అనేది ఆయన నియమం. ఆ నియమమే ఆ రోజు ఆయన మెడకి చుట్టుకుంది.

ప్లీడరు లక్ష్మయ్య గారు కుర్చీలో సర్దుకుని, “ఈ వారం ప్రశ్న మనం వెతుక్కోనక్కర్లేదు మాస్టారూ, మీ ఇంటికే వచ్చింది” అన్నారు. “మంచి ఉద్దేశంతో సలహా ఇచ్చినవాడు, ఆ సలహా వల్ల జరిగిన నష్టానికి బాధ్యుడా, కాదా? మీరేమీ అనుకోకపోతే ఇదే మాట్లాడుకుందాం.”

“ఈ వారం వద్దండీ...” అన్నాడు ధర్మారావు నెమ్మదిగా.

“అదేమిటి? ఏ ప్రశ్నకీ భయపడకూడదని మాకు చెప్పింది మీరేగా!”

అందరూ నవ్వారు. తలుపు వెనక కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ భానుమతి నవ్వలేదు. ఆమె వెనకే, వంటింటి గడప మీద సాబిరా మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుని వింటోంది.

మొదట తడబడినా, మాట్లాడుతున్నకొద్దీ ధర్మారావు గొంతు గట్టిపడింది. మాటలు ఆయనకి అలవాటైన దారిలో పడ్డాయి. “ఉప్పెన వస్తుందని ఎవరికి తెలుసు? చిన్న కుటుంబం మంచిదని చెప్పడం తప్పయితే, బడికి పంపమని చెప్పడమూ తప్పే. బడి కప్పు కూలి పిల్లవాడు పోతే, చదువుకోమన్నవాడు హంతకుడా? మనిషి చేసిన పనిని దాని ఉద్దేశంతో కొలవాలిగాని, ఎవరూ ఊహించలేని ఫలితంతో కొలవకూడదు. నేను చెప్పింది ఆమె మంచి కోసం, ఆ పిల్లల మంచి కోసం. నా మనసులో ఇంకే స్వార్థమూ లేదు.”

“చట్టం కూడా అదే అంటుంది” అన్నారు లక్ష్మయ్య గారు. “ఏ కోర్టూ మిమ్మల్ని తప్పు పట్టదు.” నలుగురూ తలలు ఊపారు. 

ఒక మూల నుంచి, పోయిన ఏడాది దాకా నడిమితిప్ప బడిలోనే పనిచేసి రిటైరైన డ్రిల్లు మాస్టరు గంగన్న లేచి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ చర్చలో మాట్లాడేవాడు కాదు.

“స్వార్థం లేదంటే ఎలాగండీ మాస్టారూ!” అన్నాడు, అందులో కోపం లేదు, తెలిసిన విషయం గుర్తుచేస్తున్నట్టే అన్నాడు. “ఎమర్జెన్సీలో మనందరికీ ఆపరేషన్ల కోటా వేశారుగా! తలకి పన్నెండు కేసులు. పూర్తిచేసినవాళ్ళ అర్జీలే ముందు చూస్తామన్నారుగా! నాకు నాలుగే అయ్యాయి, నన్ను అక్కడే ఉంచారు. మీవి పన్నెండూ అయ్యాయి గనకనేగా మీ గుడివాడ బదిలీ కాయితం కదిలిందీ! మన దర్జీ భార్యేగా మీ పన్నెండో పేరు?”

 ధర్మారావు ముఖంలో రక్తం లేదు. భానుమతికి కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్క మాటా విడివిడిగా వచ్చి తగిలింది. పన్నెండో పేరు... బదిలీ... గుడివాడ... పోయిన జూన్లో వాళ్ళు ఆ ఊరు వదిలిపెట్టకపోయి ఉంటే? నవంబరులో ఆ రెండు గదుల పక్కన, ఆ గోడకి ఇవతల, తన పిల్లలిద్దరూ కూడా...

పళ్ళెం గడప మీద పెట్టి, జన్మలో మొదటిసారి ఆమె ఆ మగవాళ్ళ మధ్యకి వచ్చి నిలబడింది.

“ఏమండీ! ఆ రోజు నన్ను సాబిరా ఇంటికి పంపింది అందుకేనా?”

“భానూ, లోపలికి వెళ్ళు...”

“ఒక్క మాట చెప్పండి! నేను బల్ల మీద పడుకుంది కూడా అందుకేనా? నా పేరు ఎన్నోది?”

  “మొదటిది...” అన్నాడు ధర్మారావు.

అయ్యో! దేశం కోసం అనుకుంది! భర్త ఆదర్శం కోసం అనుకుంది! మనవడు లేడని అత్తగారు ఏడుస్తుంటే ఆమెకే నచ్చజెప్పింది! తన కడుపు మొదటి పేరు, తన నేస్తం కడుపు చివరి పేరు!... భానుమతికి కళ్ళు తిరిగాయి. పడబోతుంటే వెనక నుంచి రెండు చేతులు పట్టుకున్నాయి. అవి సాబిరా చేతులు!

వచ్చినవాళ్ళంతా చెప్పులు వేసుకుని ఒక్కొక్కరే జారుకున్నారు.  ఆ వరండాలో మళ్ళీ ఎప్పుడూ చర్చ జరగలేదు.

ఆ మధ్యాహ్నం పెరట్లో బావి గట్టు దగ్గర ఇద్దరాడవాళ్ళూ కూర్చున్నారు. భానుమతే ముందు అంది.

“నీ పేరు ఇచ్చి మా బదిలీ తెచ్చుకున్నాం సాబిరా. ఆ బదిలీ వల్ల నా పిల్లలు బతికారు. అది తెలిశాక నాకు గుండె పగిలిపోవాలి... పగల్లేదు. లోపల ఎక్కడో, నా పిల్లలు బతికారు అని సంతోషంగా ఉంది! ఎంత పాపిష్టిదాన్నే నేను! అలా సంతోషించడం తప్పు కాదూ?”

సాబిరా తల అడ్డంగా ఊపింది. “తప్పు కాదు వదినా. నీ చోట నేనుంటే నేనూ సంతోషించేదాన్నే. అదే నన్ను చంపుతోంది. నిన్ను తిడదామని బస్సెక్కాను. పిల్లని అడిగితే నువ్వు భయపడతావు, ఒక్క రోజైనా నాలా వణుకుతావు, అది చూసి పోదామనుకున్నాను. చూశాను. నువ్వు నా కళ్ళు పడకుండా పిల్లల్ని కొంగు కింద దాచుకోవడం మూడు రోజులూ చూశాను. నా కడుపు చల్లబడలేదు వదినా... ఇంకా మండింది.”

అప్పుడు ఏడ్చింది సాబిరా! ఉప్పెన వచ్చాక మొదటిసారి! బిగ్గరగా, నేలమీద పడి దొర్లుతూ, ఒక్కొక్క బిడ్డనీ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. భానుమతి ఆమెని ఒళ్ళోకి లాక్కుని తనూ ఏడ్చింది. వంటింటి కిటికీలోంచి చూస్తున్న రావమ్మ కళ్ళొత్తుకుంటూ వచ్చి, కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టుకుని, తను వెళ్ళగొట్టబోయిన ఆ పిల్ల తల తన మోకాలికి ఆనించుకుని చిక్కు తియ్యడం మొదలుపెట్టింది.

పిల్లలు పోయిన వాళ్ళకి మళ్ళీ పుట్టేలా ఆ ఆపరేషన్ని తిరగదోడే ఆపరేషన్ చేస్తున్నారని, పెద్దాసుపత్రిలో పేర్లు రాసుకుంటున్నారని రెండు వారాల తర్వాత తెలిసింది. “నే తీసుకెళ్తాను” అంది భానుమతి, ఇంకా తన దగ్గరే ఉన్న సాబిరాతో. మహబూబ్ సంతకం కావాలంటే ధర్మారావు కాయితం పట్టుకుని నడిమితిప్ప వెళ్ళాడు. తాటాకు పాకలో కూర్చున్న మహబూబ్ ఆయన్ని చూడలేదు, కూర్చోమనలేదు. కాయితం లాక్కుని సంతకం చేసి నేలమీద పెట్టాడు. ధర్మారావు వంగి తీసుకున్నాడు.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో సాబిరా మంచం పక్కనే చాప పరుచుకుని పడుకుంది భానుమతి. ఆ వార్డులో పదిహేను మంది ఆడవాళ్ళు! అందరిదీ ఒకే కథ. ఒకామె దిండుని పొత్తిళ్ళలో బిడ్డలా పట్టుకుని ఊగుతూ ఉండేది. ఆపరేషను జరిగిన సాయంత్రం లేడీ డాక్టరు భానుమతిని పక్కకి పిలిచింది.

“మీరు ఆవిడకి అక్కయ్యా?”

“అవునండీ.”

“క్యాంపులో హడావిడిగా చేసినట్టున్నారమ్మా. కలపడానికి నాళాలేమీ మిగల్లేదు. తెరిచి, చూసి, మళ్ళీ కుట్టేశాం. ఆవిడకి ఎలా చెప్తారో మీరే చెప్పండి.”

చెప్పకుండా దాచాలని భానుమతికి ఎంత అనిపించిందో! ఒక్క వారం... కనీసం కుట్లు మానేదాకా!... కానీ దాచడమంటే ఏమిటో ఆమె చూసింది. మంచం మీద కూర్చుని సాబిరా చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సాబిరా విన్నది. పైన తిరుగుతున్న ఫ్యానుకేసి చూస్తూ, “నువ్వు చెప్పావు. అది చాలు” అంది. ఆ తర్వాత రెండు రోజులు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

సాబిరాని మహబూబ్ దగ్గరికి పంపి, గుడివాడ తిరిగి రాగానే భానుమతి భర్త ముందు నిలబడింది. ఏమని అడగాలో దారంతా కూడబలుక్కుంది. అడగనక్కర్లేకపోయింది. ధర్మారావు చొక్కా జేబులోంచి మడిచిన కాయితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. తిరిగి నడిమితిప్ప బడికే పంపమని రాసుకున్న అర్జీ.

“ఆ ఊరికి రావడానికి మాస్టర్లెవరూ ఒప్పుకోవడం లేదట భానూ” అన్నాడు.  “ఉద్దేశం అన్నాను ఆ రోజు అందరి ముందూ. నా ఉద్దేశంలో బదిలీ సగం ఉంది. సగమా, సగం కంటే ఎక్కువా... నాకే తెలీదు. నువ్వు రాను అంటే నేను ఒక్కణ్ణే వెళ్తాను. పిల్లలు ఇక్కడ సుఖంగా ఉన్నారు.”

“మళ్ళీ సముద్రం వస్తే?”

“నాకు భయంగానే ఉంది.”

భర్త నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఆయన్ని క్షమించానో లేదో ఆమెకి తెలియలేదు. చాలా రోజుల దాకా తెలియలేదు. కానీ ఆ సాయంత్రమే అటకమీది ట్రంకుపెట్టె దించింది. రావమ్మ గోల పెట్టింది, ఏడ్చింది, మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకుంది, చివరికి తనూ బట్టలు మూట కట్టుకుంది.

జూన్లో వాళ్ళు దిగేసరికి నడిమితిప్పలో వాళ్ళ పాత వాటా లేదు, గోడ లేదు. ఎవరో దాతలు కట్టించిన సిమెంటు ఇళ్ళు వరసగా ఉన్నాయి. బడిలో యాభై ఎనిమిది మంది ఉండే క్లాసులో పదకొండు మంది కూర్చున్నారు. మొదటిరోజు హాజరు పిలవలేక ధర్మారావు బయటికి వచ్చి గోడకానుకుని నిలబడిపోయాడు. అటుగా నీళ్ళబిందెతో వెళ్తున్న సాబిరా ఆగింది.

“సాబిరా... నేను...” అంటూ ఆయన చేతులు జోడించాడు.

“వద్దు మాస్టారూ. మీరు మాట్లాడితే నాకు భయం” అంది. “మీరేం చెప్పకండి. రోజూ బడికి రండి. ఒక్క రోజు కూడా మానకండి. అంతే.”

ఆయన మానలేదు. జ్వరం వచ్చినా, వానకి కాలవగట్టు తెగినా మానలేదు. మహబూబ్ మాత్రం ఆయనతో మాట్లాడలేదు. ఆ ఏడూ మాట్లాడలేదు, మరుసటి ఏడూ మాట్లాడలేదు. ఎదురైతే తల తిప్పుకునేవాడు. అది న్యాయమేననుకుని ధర్మారావు ఎవరితోనూ వాదించలేదు.

పిల్లలిద్దరూ బడి వదలగానే సాబిరా ఇంటికే పరుగెత్తేవాళ్ళు. మొదట్లో భానుమతి వాకిట్లో నిలబడి, వాళ్ళు వచ్చేదాకా ఆ వైపే చూసేది. ఒక మధ్యాహ్నం పప్పు రుబ్బుకుంటూ కూర్చుని, ఎండ వాలేదాకా వాళ్ళ సంగతే మరిచిపోయింది. గుర్తు రాగానే తడిచేతులతోనే పరుగున వెళ్ళింది. సాబిరా గడప మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తలపెట్టి నాగమణి నిద్రపోతోంది. సాబిరా వేలు పెదవుల మీద పెట్టుకుని, లేపొద్దన్నట్టు సైగ చేసింది.

భానుమతి ఆగిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుని, చప్పుడు చెయ్యకుండా వచ్చిన దారినే ఇంటికి వెళ్ళి, మిగిలిన పప్పు రుబ్బుకుంది.